కాశీనాథం కంప్యూటర్ పరీక్ష

"పోయింది మేడం," అన్నాడు కాశీనాథం, కీబోర్డు మీంచి చేతులు రెండూ పైకెత్తి.

జ్ఞానేశ్వరి గబగబా వచ్చి చూసింది. తెర మీద ఒక్క అక్షరం లేదు. గంటసేపు కూర్చుని టైపు చేసిన పెళ్ళిపత్రిక మొత్తం మాయమైంది.

"సేవ్ చేసిన్రా పెద్దనాయినా?"

"చేసిననే అనుకున్న బిడ్డా. ఏదో నొక్కితే ఏదో అయింది."

వెనక కూర్చున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. పరీక్ష పెట్టడానికి సంగారెడ్డి నుంచి వచ్చిన ఆఫీసరు, కాశీనాథం పేరుకు ఎదురుగా 'ఫెయిల్' అని రాసేశాడు. వరుసగా రెండోసారి.

అది తొంభై ఆరో సంవత్సరం. చిన్న వ్యాపారులకు కంప్యూటర్ అలవాటు చేయాలని సర్కారు ఒక పథకం పెట్టింది. మూణ్ణెల్లు క్లాసు. పరీక్ష పాసైనవాళ్ళు కంప్యూటర్ కొనుక్కుంటే సగం ధర సర్కారే భరిస్తుంది. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మిద్దె మీద గది కిరాయికి తీసుకుని, నాలుగు కంప్యూటర్లు పెట్టి, హైదరాబాదులో కోర్సు చేసి వచ్చిన జ్ఞానేశ్వరికి నేర్పే పని అప్పజెప్పారు. ఆమెకు ఇరవై మూడేళ్ళు. ఇంట్లోవాళ్ళను నెల రోజులు బతిమాలి చేరిన మొదటి ఉద్యోగం.

మొదటి విడతలో కంప్యూటర్‌ను చూడటానికే జనం ఎగబడ్డారు. ఆ సంబరం తొందరగానే చల్లారింది. రెండో విడతకు పేర్లు రాసే కాగితం గోడకు అంటిస్తే నెల రోజులకు నాలుగే పేర్లు పడ్డాయి. పది మందికి తగ్గితే గది ఖాళీ చేసి కంప్యూటర్లు వెనక్కి పట్టుకుపోతామని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు. జ్ఞానేశ్వరి ఎండలో దుకాణం దుకాణం తిరిగింది. మందుల షాపు విజయరాణిని ఒప్పించింది. చింతమడక నుంచి రోజూ ఆటోలో రావడానికి కుట్టుమిషన్ల అనసూర్యను ఒప్పించింది. ఎట్లాగో లెక్క సరిగ్గా పదికి చేరి గండం గట్టెక్కింది.

వాళ్ళందరిలోకీ పెద్దవాడు కాశీనాథం. అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా ప్రెస్సు నడుపుతున్నాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేర్చి, పెళ్ళిపత్రికలు అచ్చు వేస్తాడు. ఎదుటివాళ్ళతో మాట్లాడుతూనే, అక్షరాల గళ్ళ వైపు చూడకుండానే, కావలసిన అక్షరాన్ని వేళ్ళతో పట్టేస్తాడు. ఆ వేళ్ళే కీబోర్డు మీదికి వచ్చేసరికి కొయ్యబారిపోవడం జ్ఞానేశ్వరికి వింతగా ఉండేది.

ఆఫీసరు జీపు వెళ్ళిపోయాక ఆమె కాశీనాథాన్ని మెట్ల దగ్గర ఆపింది.

"ఆ ఇంకో ప్రెస్సు రాధాకిషన్ సేటు మొదటిసారికే పాసయిండు. కంప్యూటర్ తెచ్చుకున్నడు. ఈసారి పెండ్లి పత్రికలన్నీ ఆయనకే పోయినయంట గద?"

"పోయినయ్."

"మీకు బాధ లేదా?"

"ఎందుకుండదు బిడ్డా? నా ప్రెస్సుల ఈగలు తోలుకుంట కూసున్న." ఆయన చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "మళ్ళ చేరుత. పేరు రాసుకో."

జ్ఞానేశ్వరి రోజంతా అణచుకున్న ఉక్రోషం ఒక్కసారి బయటపడింది.

"ఎన్నిసార్లు చేరుతరు? మనసు పెట్టి నేర్చుకుంటె వస్తది. మీరు ఏదో కాలక్షేపానికి వస్తున్నరు. మీవల్ల ఆఫీసరు ముంగట నా ఇజ్జత్ పోతుంది!"

మెట్లు దిగుతున్న విజయరాణి ఆగిపోయి వెనక్కి చూసింది. కాశీనాథం రెండో చెప్పు తొడుక్కున్నాడు.

"పేరైతె రాసుకో మేడం," అన్నాడు మెల్లగా.

ఆమె రాసుకుంది. అంత పెద్దమనిషిని అన్ని మాటలు అన్నందుకు నాలుగు రోజులు ఆమెకు అన్నం సహించలేదు.

మూడో విడతకూ సరిగ్గా పది మందే తేలారు. కాశీనాథం అందరికంటే ముందు వచ్చేవాడు. కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు తీసి, దుమ్ము దులిపి, చివరి కుర్చీలో కూర్చునేవాడు. జ్ఞానేశ్వరి మళ్ళీ ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ ఆయన మాత్రం అదే నత్తనడక. 'క' దొరికితే 'ష' దొరికేది కాదు.

ఇంతలో ఊళ్ళో గాలి మారింది. రాధాకిషన్ వేసిన రంగురంగుల పత్రికలు చేతులు మారేసరికి వ్యాపారులకు ఆశ పుట్టింది. మిరుదొడ్డి నుంచి కూడా అడుగుతూ వచ్చారు. నాలుగో విడత కాగితం అంటించిన వారంలో ఇరవై రెండు పేర్లు నిండాయి. జ్ఞానేశ్వరి సంతోషం పట్టలేక ఆ పేర్లన్నీ క్లాసులో పైకి చదివింది. కాశీనాథం అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

మరో పది రోజులకు మూడో విడత పరీక్ష. కాశీనాథం పెళ్ళిపత్రిక అందరికంటే ముందు ముగించాడు. ఒత్తు తప్పలేదు, దీర్ఘం తప్పలేదు. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ చూశాడు.

"ఏం మంత్రం వేశారమ్మా?" అన్నాడు.

జ్ఞానేశ్వరి నవ్వింది. ఆ రోజు మెట్ల దగ్గర తాను గట్టిగా అన్న మాటలే మంత్రమని ఆమెకు తెలుసు.

సర్కారు సాయం మంజూరై, ప్రెస్సులోకి కంప్యూటర్ వచ్చిన రోజు కాశీనాథం భార్య భారతమ్మ కబురు పెట్టి పిలిపించింది. జ్ఞానేశ్వరి వెళ్ళేసరికి కంప్యూటర్‌కు పసుపు బొట్టు, బంతిపూల దండ. దాని ముందు కాశీనాథం. ఆయన పది వేళ్ళూ వానచినుకుల్లా కీబోర్డు మీద పడుతున్నాయి.

"చూసిన్రా పెద్దమ్మా," అంది జ్ఞానేశ్వరి లడ్డూ అందుకుంటూ, "ఆ రోజు నేను గట్టిగ అన్న. నాకే బాధయింది. కాని అనకపోతె పెద్దనాయినకు ఇప్పటికీ వచ్చేదిగాదు."

భారతమ్మ నవ్వింది. "ఆయనకు మొదటి మూడు నెలల్లనే అంత వచ్చింది బిడ్డా."

"మరి రెండుసార్లు ఫెయిలయిన్రు గద?"

భారతమ్మ ఒకసారి భర్త వైపు చూసి, గొంతు తగ్గించింది.

"పాసయితె నీకు పదో మనిషి యాడ దొరుకుతడన్నడు."