గీతలు లేని కాగితాలు

“ఇయ్యాల ఎన్ని గీతలు చెల్లె?” పక్క బల్ల మీంచి వెంకటేశం మెడ చాచాడు.

“ఒక్కటి గూడ లేదన్నా.” శ్రీవిద్య పెన్సిలు పక్కన పెట్టింది.

“ఔనా? మొదట్ల కాగితం నిండ నాట్లేసినట్టు గీతలుండె. ఇప్పుడు సార్ కుర్చీకే ఎసరు పెట్టేటట్టున్నవ్.”

శ్రీవిద్యకు నవ్వు రాలేదు. మూడు నెలల గడువు ఆ రోజుతో ముగుస్తుంది. “పర్మనెంట్ చేస్తే సరే. లేకుంటే ఇంట్ల కూసొని పిల్లను చూసుకో” అని అత్త కామాక్షి పొద్దున కూడా గుర్తు చేసింది. మూడేళ్ల హైందవి తన కొంగు వదలక ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉంది ఆ ఆఫీసు. ఇక్కడి ఇంజినీరింగ్ పత్రికల్లో వచ్చే పెద్ద పెద్ద వ్యాసాలను పదేసి ఇంగ్లీషు వాక్యాల సారాంశాలుగా కుదించి, ఏది ఏ విషయమో సూచిక జోడించి, నలభై దేశాలకు పంపుతారు. రాసేవాళ్లు వేరే ఉన్నారు. శ్రీవిద్య పని చదవడం. అర్థం కాని వాక్యం కింద పెన్సిలుతో గీత పెట్టాలి. అంతే.

ఇంటర్వ్యూలో ఆఫీసు పెద్ద జనార్దన్ సార్ ఎంత చదివావని అడిగాడు. “ఇంటర్ సగంల ఆపిన సార్, పెళ్లయింది.” “మంచిదే” అన్నాడాయన. ఆ ఎత్తిపొడుపు ఆమె మరిచిపోలేదు.

పైగా గీతలున్న కాగితాలన్నీ ఆయన సాయంత్రం తన దగ్గరే పెట్టుకునేవాడు. తన తెలివితక్కువతనానికి సాక్ష్యాలు పోగేస్తున్నాడనిపించేది. నెల తిరగకముందే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పుస్తకాల గుట్టలో, అట్ట ఊడిన సైన్సు డిక్షనరీ ఒకటి ఏరి తెచ్చుకుంది. పిల్ల నోట్లో ఇడ్లీ పెడుతూ ‘పోరాసిటీ’ అంటే ఏందో వెతికింది. ఇడ్లీలో ఉండే సన్న సన్న రంధ్రాలే. ఇంతేనా అనుకుంది. ఆ తర్వాత గీతలు సగమయ్యాయి. తర్వాత అసలే లేవు.

నాలుగింటికి జనార్దన్ పిలిచాడు. ఆయన ముందు ఒక మెయిలు ప్రింటు ఉంది.

“వియత్నాం నుంచి వచ్చింది. రెండు నెలల సంది మన సారాంశాలు తలకెక్కుతలేవంట. కూసోండమ్మా.”

శ్రీవిద్య కూర్చోలేదు. “నేను చదివినయేనా సార్?”

“మీరు చదివినయే. ఒక్క గీత లేదు. అందుకే ఒక్క వాక్యం గూడ తిరగరాయలే.”

“అన్నీ తెల్సినయి సార్. డిక్షనరీ కొన్న. ఇంట్ల గూడ చూస్తున్న.”

జనార్దన్ కళ్లద్దాలు తీసి నుదురు రుద్దుకున్నాడు. “అనుకున్న. అక్కడ చదివేటోళ్ల ఇంగ్లీషు గూడ మీ ఇంగ్లీషంతేనమ్మా.”

మళ్లీ ఎత్తిపొడుపే. “ఇంక జర ఎక్కువ చదువుత సార్. ఇంకొక్క నెల చూడున్రి.”

“వద్దు. చదవకండి.”

అత్త ముఖం కళ్ల ముందు తిరిగింది. అంతలోనే జనార్దన్ ఒక కాగితం మీద సంతకం చేసి ఆమె వైపు జరిపాడు. పర్మనెంట్ ఆర్డరు. రెండుసార్లు చదివింది. అందులో ఒక్క మాటకీ డిక్షనరీ అవసరం పడలేదు.

“ఉద్యోగం మీదే. షరతు ఒక్కటే. మన కాగితాలు డిక్షనరీ పెట్టుకొని చదవద్దు.”

“అట్లయితే నాకు అర్థం కావు గద సార్?”

“అర్థం కాకపోవడానికే గదమ్మా మిమ్మల్ని తీసుకున్నది.”