ఎలుగు తాత చేతి చలవ

కాలు బెణికిన జింకలన్నీ ఎలుగు తాత దగ్గరికే వచ్చేవి. తాత పసరు రాసి, బలంకొద్దీ పిసికి, "ఇక పరిగెత్తు" అని పంపేవాడు. తాత చేయి పడితే నయం కాని కాలు లేదని అడవంతా పేరు.

పక్క అడవిలో వైద్యం చదివొచ్చిన కొంగ ఓరోజు అడిగింది. "తాతా, నయమైనవాళ్లు వచ్చి దండం పెట్టి పోతున్నారు, సరే. మళ్లీ రానివాళ్ల సంగతేంటి? వాకబు చేద్దామా? కొందరికి పిసక్కుండా ఊరికే విశ్రాంతి ఇచ్చి చూద్దామా?"

తాతకు ఒళ్లు మండింది. దీని కన్ను నా పేరు మీద పడిందనుకున్నాడు.

"ఒంటికాలి మీద నిలబడేదానివి, నాకు కాళ్ల గురించి చెప్తావా? పో!" అని తరిమేశాడు.

సాయంత్రం చిరుత వచ్చింది. "ఆ కొంగ మాటలు పట్టించుకోకు తాతా. నీ వైద్యం ఒక్కరోజు కూడా ఆగకూడదు."

తాత పొంగిపోయాడు. అంతలోనే ఏదో అనుమానం తగిలింది. "నువ్వెప్పుడూ నా దగ్గరికి రాలేదే! నా వైద్యం గురించి నీకేం తెలుసు?"

"నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు," అంది చిరుత మూతి నాక్కుంటూ. "నీ దగ్గర్నుంచి వెళ్లే జింకల కోసం నేను పరిగెత్తక్కర్లేదు."