చూడనిదే చెప్పని మేడమ్

"చల్లగాలి కోసమైతే ఈడ కూర్చోవద్దమ్మా. పేషెంట్లకే చోటు చాలడంలేదు."

ఎక్స్‌రే గది తలుపు పక్క బెంచీ మీదున్న గుండు ఆవిడతో రాజశ్రీ ఆ మాట అనడం అది రెండోసారి.

ఆవిడ మాస్కు సర్దుకుంది. "బస్సుకు టైముండాది పాపా. ఓ పక్కన కూర్చోనుంటాలే," అంది.

గొంతు నీరసంగా, సగం లోపలే ఆగిపోతున్నట్టుంది.

అలిపిరి రోడ్డులో స్కానింగ్ సెంటర్ అంటే ఎప్పుడూ ఇదే గోల. కొండ దిగినవాళ్లలో కాలు బెణికి వచ్చేవాళ్లు కొందరైతే, ఏసీ కోసం చేరేవాళ్లు ఇంకొందరు. తిరుపతిలో గుండుకు కారణం అడిగేవాళ్లుండరు. రాజశ్రీ కూడా అడగలేదు.

అయినా ఎవరి తలనొప్పి వాళ్లది.

ఐర్లాండులో ఒక ఆసుపత్రి ఆమెను రేడియోగ్రాఫర్‌గా తీసుకుంటానంది. అయితే ఇక్కడ చదివిన చదువు, చేసిన పని అక్కడ చెల్లుతాయని ఆ దేశపు సంస్థ ఒప్పుకోవాలి. మార్కుల జాబితాల నుంచి పాఠాల వివరాల దాకా అడిగినవన్నీ పంపింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆమెకు పని నేర్పిన మనిషి, ఈ అమ్మాయికి పని వచ్చునని నేరుగా వాళ్లకు చెప్పాలి. శుక్రవారంతో గడువు తీరిపోతుంది.

నేర్పింది చిత్తూరులోని ఒక ఆసుపత్రిలో పంకజాక్షి మేడమ్. ఆ ఆసుపత్రి మూతబడింది. మేడమ్ ఫోను పలకడం లేదు. ఆమె పాత మెయిలుకు సంస్థవాళ్లు ప్రశ్నలు పంపి నెల దాటింది, జవాబు లేదు.

ఆమె సంగతి రాజశ్రీకి తెలియనిది కాదు. తన కళ్లముందు తీయని ఎక్స్‌రేను మేడమ్ లెక్కలోకే తీసుకునేది కాదు. "నేను చూడలే. నేను చెప్పను," అనేసేది. కాళ్లావేళ్లా పడినా అంతే. శిష్యులంతా చాటుగా తిట్టుకునేవాళ్లు.

ఆలోచనలు ఎక్కడున్నా రాజశ్రీ చేతులు పని మరిచిపోలేదు. తమిళనాడు నుంచి వచ్చిన ఒక తాతకు తెలుగు రాకపోతే, "మూచ్చు ఇళుత్తు పిడింగ" అని తానే ఊపిరి బిగబట్టి చూపించింది. నడుంనొప్పితో వచ్చిన కొత్త కోడలిని తలుపు దగ్గరే పక్కకు పిలిచి, అత్తకు వినపడకుండా, నెల తప్పిందేమోనని అడిగింది. ఆ పిల్ల తడబడేసరికి ఎక్స్‌రే ఆపించి ముందు పరీక్షకు పంపింది.

గుండు ఆవిడ అన్నీ చూస్తూనే ఉంది. ఈమె బస్సు ఏ ఊరికో కానీ ఈరోజు కదిలేలా లేదని రాజశ్రీ విసుక్కుంది.

మధ్యాహ్నం బంగారుపాళ్యం నుంచి మునికుమార్ ఫోన్ చేశాడు. ఇద్దరూ మేడమ్ దగ్గరే పని నేర్చుకున్నారు. ఎంత వెతికినా మేడమ్ జాడ దొరకలేదన్నాడు.

బెంచీ పక్కనే నిలబడి రాజశ్రీ భగ్గుమంది.

"ఆయమ్మకు కుళ్లు మునికుమారా. తాను చిత్తూరు దాటలేదు. నేను దేశం దాటితే ఓర్చుకుంటాదా? మెయిలు చూసే ఉంటాది. కావాలనే పలకడంలేదు."

అట్లనొద్దని, హాస్టలు తిండి తినలేకపోతే ఇంటి నుంచి క్యారియర్ తెచ్చిపెట్టిన మనిషని అతను గుర్తుచేశాడు. రాజశ్రీ వినిపించుకోకుండా ఫోను పెట్టేసింది.

గుండు ఆవిడ లేచింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది.

"పని బాగా చేస్తా ఉండావు పాపా," అంది.

రాజశ్రీ తలాడించి, తర్వాతి పేషెంటును పిలిచింది.

గురువారం సాయంత్రం ఐర్లాండు నుంచి కబురు వచ్చింది. మేడమ్ జవాబిచ్చారట. అర్హతను గుర్తించామన్నారు.

రాజశ్రీ ఏడ్చేసింది. సంతోషం సగమైతే సిగ్గు సగం. నోటికొచ్చినట్టు అన్నాను, నయం, ఆమె వినలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మునికుమార్ ఎలాగో ఆచూకీ పట్టాడు. మేడమ్ సత్యవేడులో చెల్లెలి ఇంట్లో ఉంది. వెళ్లి కాళ్లకు దండం పెట్టాలని రాజశ్రీ గట్టిగానే అనుకుంది. వీసా పనులు, చుట్టాల ఇళ్లలో విందులు, కొనాల్సిన సామాన్లు. వచ్చే వారం, వచ్చే వారం అంటూనే ప్రయాణం దగ్గరపడింది.

పట్టుచీర, స్వీటు డబ్బా పట్టుకుని ఆ ఇంటి గడప తొక్కేసరికి, గోడ మీద ఫొటోకు దండ వేసుంది. బొద్దు ముఖం, ఒత్తయిన జడ, జడలో కనకాంబరాలు. రాజశ్రీకి గుర్తున్న మేడమే.

చెల్లెలు లోకేశ్వరి కుర్చీ వేసింది. రొమ్ములో గడ్డ అని, ఏడాదిగా వేలూరు ఆసుపత్రికి తిరిగారని, ఎవరి జాలీ వద్దని అక్క ఫోను కూడా తీసేసిందని చెప్పింది. కర్మ మొన్ననే అయిందట.

రాజశ్రీ కుర్చీలో కూర్చుంది. తెచ్చిన చీర ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకుంది.

"మేడమ్‌ను ఒక్కసారన్నా చూడలేకపోయినానమ్మా," అంది.

లోకేశ్వరి ఆమెను వింతగా చూసింది.

"అదేంది పాపా? ఇన్నేండ్లయింది, ఇప్పుడు పని ఎట్ల చేస్తా ఉండాదో చూడకుండా ఎట్ల చెప్పేదని, మెయిల్లో ఉండే అడ్రసు పట్టుకొని మీ సెంటరుకు వచ్చింది గదా. మందులకు జుట్టంతా రాలిపోయింది, ఆ పిల్ల గుర్తుపట్టదు, పోవద్దక్కా అంటే వినలే. చూస్తానే నువ్వు గుర్తుపట్టి, లోపల కూర్చోబెట్టుకొని ఎంతో మర్యాద చేసినావంట, పోయేదాకా వచ్చినోళ్లందరికీ అదే చెప్పుకునింది."