చేప వాసన లేని మొగుడు

గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే నార్సిసా మొగుడి మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన చూసింది. చెమట. ఉత్త చెమట. ఇన్నేళ్ళ కాపురంలో ఎలాదియో ఒంటికి చెమట వాసనంటూ ఒకటుందని ఆమెకు తెలియనే తెలియదు.

"ఏవయ్యా, చేప కంపు ఏమైంది?"

"మేత మారిందే," అన్నాడు ఎలాదియో, బూట్లు విప్పుకుంటూ. "చేపపొడి తీసేశారు. ఇప్పుడంతా సోయా, బఠాణీ పిండి. రొయ్యలు శాకాహారం పుచ్చుకున్నాయి."

మచాలా ఊరి చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద పడవ వేసుకుని మేత చల్లేవాళ్ళలో ఎలాదియోను కొట్టేవాడు లేడు. అతను విసిరితే మేత వాన జల్లులా చెరువంతా సమానంగా పడాల్సిందే. ఆ పనంటే అతనికెంత పిచ్చో, ఆ పని తెచ్చే కంపంటే నార్సిసాకు అంత ఒళ్ళుమంట. సబ్బులు అరిగిపోయాయి, నిమ్మకాయలు అయిపోయాయి, చేపపొడి మాత్రం అతని చర్మాన్ని వదల్లేదు. చివరికి అతని పక్కను వరండాలోని ఊయలకు మార్చేసింది. మొన్న పెళ్ళిరోజున ఆఖరి మాట కూడా అనేసింది, రొయ్యలో నేనో తేల్చుకోమని. పడవ దిగితే బతకలేనన్నాడు ఆ మహానుభావుడు. అంటే నేను లేకపోయినా బతుకుతావన్నమాట అంటూ ఆమె తలుపేసుకుంది.

ఇప్పుడు చూస్తే దేవుడు సోయాగింజ రూపంలో దిగివచ్చాడు. నార్సిసా ఊయల విప్పి అటక మీద పడేసింది.

ఇక రోజూ సాయంత్రం అవే కబుర్లు. రొయ్యలు తింటున్నాయా అని ఆమె అడిగేది, అతను ఊరించి ఊరించి చెప్పేవాడు. మొదట్లో మూతి తిప్పుకున్నాయట. కాస్త బెల్లపు మడ్డి పట్టించేసరికి ఎగబడ్డాయట, నీళ్ళలోంచి మేత తట్ట పైకి లాగి చూస్తే పలుకు మిగల్లేదట. పొడికి బలైపోయే చిన్న చేపలన్నీ సముద్రంలో హాయిగా తిరుగుతున్నాయట. నార్సిసా ఇదంతా వీధి వీధంతా చాటింది. సోయా తిన్న రొయ్యకూ చేపపొడి తిన్న రొయ్యకూ రుచిలో తేడా ఉండదని, మేత కనిపెట్టింది తనే అయినట్టు వాదించింది. పిల్లి మాత్రం ఎలాదియో కాళ్ళకు రాసుకోవడం మానేసింది. శాకాహారి దానికి అక్కర్లేదట అని ఆమె పగలబడి నవ్వింది.

ఆ సంతోషంలో చేతులు కడుక్కోవడానికీ తీరిక లేదు. వంటింట్లో పచ్చి అరటికాయలు చెక్కుతూ చెక్కుతూ, తలుపు చప్పుడవగానే పరుగెత్తి మొగుణ్ణి వాటేసుకునేది. అతని చొక్కాల భుజాల నిండా అరటి జిగురు మరకలే, ఎంత ఉతికినా పోవు. నా చేతులు పడిపోను అని తిట్టుకునేది, మర్నాడు మళ్ళీ వాటేసుకునేది.

ఒక శనివారం ఆమెకు బుద్ధి పుట్టింది. తన మొగుణ్ణి తనకిచ్చినవాళ్ళకు ఓ పూట అన్నమైనా పెట్టొద్దూ? కోడికూర వండి, అన్నం, వేయించిన అరటి ముక్కలు సర్దుకుని, పువ్వుల గౌను వేసుకుని, బస్సెక్కి చెరువుల దగ్గర దిగింది.

దిగగానే ముక్కు మూసుకుంది. అదే కంపు.

గేటు దగ్గర ముసలి మేస్త్రి ఉల్పియానో ఎదురొచ్చాడు. సోయా మేత వచ్చినందుకు మీ అందరికీ తెచ్చానంటూ ఆమె గిన్నె అందించబోయింది.

"సోయానా?" ఆయన నవ్వాడు. "అది తెప్పించమని యజమానిని బతిమాలి బతిమాలి ఎలాదియో నోరు నొప్పెట్టింది గానీ, ఆయన వింటేగా. ఇక్కడ ఇప్పటికీ చేపపొడేనమ్మా."

నార్సిసా చెరువు వైపు చూసింది. పడవలో ఎవరో కొత్తవాడు మేత చల్లుతున్నాడు. అంతా ఒకేచోట కుప్పగా పడుతోంది.

"మరి మా ఆయనో?"

ఉల్పియానో ఆమెను వింతగా చూసి, రోడ్డవతలకు చెయ్యి చాపాడు.

"అదిగో, ఆ అరటితోటలో గెలలు మోస్తున్నాడుగా."