అత్త నోరు

"పాలపన్ను పీకించనీకి ఆబిడ్స్ దాకా తోల్కొస్తరా? గదే ఊడుతది!" పళ్ల డాక్టరు ముందే నర్మదను కడిగేసింది అత్త సమ్మక్క.

"చిగురంత చీము పట్టింది. నువ్వు జర ఊకో అత్తా," అని నర్మద కూడా విసురుగానే అంది.

"సూదిమందు ఇచ్చినంక తీస్త, నొప్పుండదు," అన్నాడు డాక్టరు. కుర్చీలో పిల్ల నోరు తెరవలేదు.

"గిందుకు భయమేందే?" అంటూ సమ్మక్క మనవరాలిని దింపి, తానే కూర్చుని నోరు తెరిచింది.

డాక్టరు వంగి చూశాడు. "నాలుగు దంతాలు వేళ్లదాకా కుళ్లిపోయినై. ఇన్నేండ్లు ఎట్ల నమిలిన్రమ్మా?"

నర్మద ఉలిక్కిపడింది. మూడేళ్లుగా అత్త తన జొన్నరొట్టెను పక్కకు నెట్టేది వంక పెట్టడానికేనని అనుకుంది.

"నాకెందుకు చెప్పలే?"

"రొట్టె గట్టిగున్నదంటే మూతి ముడుసుకుంటివి గని, ఎందుకని ఒక్కనాడన్న అడిగినవా?"