గోరంత బిళ్ళ

తలుపుకి కుర్చీ ఆనించి బార్లా తెరిచి ఉంచింది ఇల్లాలు. గాలి కోసం కాబోలు అనుకున్నాడు మెకానిక్.

అస్తమానం ఆగిపోతున్న కంప్యూటర్‌కి వైర్లన్నీ పీకేసి, ఒక్కొక్కటే తగిలిస్తూ పది నిమిషాల చొప్పున చూశాడు. ప్రింటర్ పెట్టినా ఆగలేదు, స్పీకర్లు పెట్టినా ఆగలేదు. కీబోర్డు పెట్టగానే తెర నల్లబడింది.

కీబోర్డు వైరు చివర గోరంత బిళ్ళ ఉంది. అది తీసి కీబోర్డు నేరుగా తగిలిస్తే కంప్యూటర్ నిక్షేపంగా నడిచింది.

"దొంగ దొరికాడమ్మా. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ ఇది దాచి, పెట్టినవాళ్ళకి చూపిస్తుంది. ఎవరు పెట్టారో ఏమో, పారేస్తాను."

ఆమె ఉలిక్కిపడలేదు. "పారెయ్యకండి. బాగుచేసి ఎప్పట్లాగే పెట్టెయ్యండి."

"తెలిసి తెలిసీనా?"

"ఇదెక్కడుందో నాకు తెలుసు. తీసేస్తే మావారు ఇంకోటి పెడతారు. అదెక్కడ పెట్టారో ఎలా తెలుస్తుంది?"

మెకానిక్ బిళ్ళ మొన తుడిచి మళ్ళీ గుచ్చాడు. ఈసారి కంప్యూటర్ ఆగలేదు.

అతను వెళ్ళాక ఆమె కీబోర్డు ముందు కూర్చుని ఉత్తరం కొట్టడం మొదలుపెట్టింది: "అక్కా, ఇవాళ కంప్యూటర్ బాగుచేయించాను. మెకానిక్ ఉన్నంతసేపూ తలుపు తీసే ఉంచాను."

ఒకసారి చదువుకుని, అక్కకి పంపకుండానే లేచింది.