వంటింటి కిటికీకి ఎదురుగా

ఆ తెల్ల ట్రక్కు మళ్లీ వచ్చింది.

రోడ్డుకి అవతల, మామిడిచెట్టు కింద, సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా ఆగింది. లోపల అదే ముసలాయన. ఒళ్లో ఫ్లాస్కు, కళ్లు ఈ ఇంటి మీద.

 రొవీనా చటుక్కున కర్టెన్ లాగేసింది.

"ఎందుకలా చీకటి చేస్తావు? తీసెయ్," అన్నాడు ఆమె భర్త డూగల్.

"ఎండ కొడుతోంది."

"కొట్టనీ."

తనే లేచి వచ్చి కర్టెన్ తీసి, కాసేపు బయటికి చూసి మళ్లీ కూర్చున్నాడు.

సైన్యం నుంచి వచ్చేశాక డూగల్ మునుపటి మనిషి కాడు. నిద్ర లేదు. తలుపు గట్టిగా పడితే బల్ల కిందికి దూరతాడు. ఆ తర్వాత సిగ్గుతో రోజంతా నోరు విప్పడు.

ఒక్కసారి మాత్రం విప్పాడు. "నేను లేకపోతే నువ్వూ పిల్లా సుఖపడతారు రొవీనా."

ఆ మాట విన్నప్పటి నుంచి రొవీనాకి ప్రాణం గుప్పిట్లో ఉన్నట్టే ఉంది. కూతురు టెస్‌ని బడిలో దింపి వచ్చే కాస్త సేపూ ఆమెకి ఊపిరాడదు.

ఇలాంటి మాజీ సైనికుల్ని ఆదుకోవడానికి ప్రభుత్వం ఒక కార్యాలయం పెట్టింది. దానికో ఫోన్ నంబరూ ఉంది. చేస్తే చక్కటి సంగీతం వినిపిస్తుంది. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటుంది ఒక ఆడగొంతు. అంత ముఖ్యమైన కాల్ ఎత్తే మనిషి మాత్రం ఈ టౌన్స్‌విల్ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

ఆ ఉదయం టీవీలో పార్లమెంటు కమిటీ నడుస్తోంది. సెనేటర్ ఒకావిడ మంత్రిని నిలదీస్తోంది.

"జలాంతర్గాములకి ఎంత డబ్బు పోశారో గొప్పగా చెప్పారు. సాయం కోసం ఫోన్ చేసి చేసి విసిగిపోయిన సైనికులు ఎందరో అదీ చెప్పండి."

"ఆ వివరాలు తర్వాత సమర్పిస్తాం," అన్నాడు మంత్రి, నీళ్లు తాగుతూ.

డూగల్ నవ్వాడు. "నేను జలాంతర్గామినై పుట్టాల్సింది రొవీనా. మొదటి రింగుకే ఎత్తేవాళ్లు."

టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, కప్పు పైకెత్తి ఆఖరి గుక్క తాగాడు.

అవతల ముసలాయన కూడా ఫ్లాస్కు మూత పైకెత్తాడు.

వెక్కిరిస్తున్నాడా? రొవీనా ట్రక్కు నంబరు చూసి పెట్టుకుంది.

సైనికుల భార్యలకి కంటోన్మెంటులో ఏటా ఒక పాఠం చెబుతారు. ఇంటి ముందు తెలియని బండి ఆగితే దగ్గరికి పోవద్దు, పలకరించవద్దు, నంబరు చూసుకుని ఫిర్యాదు చెయ్యండి అని. మరో వీధిలో అయితే ఎవరో ఒకరు వెళ్లి "ఎవరు కావాలి పెద్దాయనా?" అని అడిగేసి ఉండేవారు. రొవీనా పాఠం శ్రద్ధగా విన్న మనిషి.

డూగల్‌కి ఒక్క ముక్క చెప్పలేదు. అసలే నీడకి ఉలిక్కిపడేవాడు, ఎవరో కాపు కాస్తున్నారని తెలిస్తే ఏమైపోతాడో! స్నానాలగదిలో గొళ్లెం పెట్టుకుని పోలీసులకి ఫోన్ చేసింది.

వాళ్లు మొదటి రింగుకే ఎత్తారు.

మధ్యాహ్నం డూగల్ కునుకు తీస్తుండగా పోలీసు కారు వచ్చింది. కానిస్టేబుల్ ట్రక్కు అద్దం మీద తట్టాడు. రొవీనా గేటు పట్టుకుని నిలబడింది.

"ఇక్కడేం పని పెద్దాయనా?"

"ఊరికే కూర్చున్నా బాబూ."

"ఎవరి కోసం?"

"చెప్పనని మాటిచ్చా."

"అయితే వెళ్లి ఇంకో వీధిలో కూర్చో. ఆవిడ హడలి చస్తోంది ఇక్కడ."

ముసలాయన రొవీనా వైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, ఇవాళ ఆయన్ని ఒంటరిగా వదలకు."

ఆమె కానిస్టేబుల్ వైపు తిరిగింది. "విన్నారా? మీ ఎదురుగానే బెదిరిస్తున్నాడు!"

"అది కాదు తల్లీ, నేను..."

"పో! మా జోలికి రాకు, పో!"

"ఇక నడువు పెద్దాయనా," అన్నాడు కానిస్టేబుల్.

ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా రొవీనా గేటు వదల్లేదు. 

బడి వదిలే వేళకి హాయిగా బయల్దేరింది. ఎన్నాళ్లకో మనసు తేలికపడింది. వస్తూ దారిలో ఆగి, డూగల్‌కి ఇష్టమని మాంసం కూరిన 'పై' రొట్టె ఒకటి వేడివేడిగా కొనుక్కొచ్చింది.

ఇంట్లోకి రాగానే చూసింది. కర్టెన్ బార్లా తీసి ఉంది. కిటికీ గట్టు మీద టీ కప్పు, ముట్టని టీతో అలాగే ఉంది.

వెనక తలుపు తెరిచి ఉంది.

"డూగల్!"

పలుకు లేదు.

పొద్దు గూకే వేళకి రాస్ నది ఆనకట్ట దగ్గర అతని చెప్పులు దొరికాయి. పోలీసు పడవ నీళ్లలో వెతుకుతోంది. ఒడ్డున కర్లూ పిట్టలు పసిపిల్లల్లా ఏడుస్తున్నాయి. టెస్‌ని గుండెకి అదుముకుని రొవీనా ఒడ్డునే నిలబడింది.

"ఆ ముసలాడే! వాణ్ని పట్టుకోండి!" ఆ సాయంత్రమంతా ఆమె నోట అదే మాట.

పట్టుకొచ్చారు. ఆమె వెళ్లి అతని చొక్కా పట్టుకుంది.

"ఏం చేశావు నా మొగుణ్ని? అసలు ఎవడివి నువ్వు?"

ముసలాయన విడిపించుకోలేదు. నది వైపు చూస్తూ అలాగే బురదలో కూలబడిపోయాడు.

"నేనూ పాత సిపాయినే తల్లీ," అన్నాడు వెక్కుతూ, "'ఆఫీసువాళ్లు ఫోన్ ఎత్తేదాకా మా కిటికీలోంచి కనబడేలా అక్కడే ఉండు మెర్వ్, నువ్వు కనబడినంతసేపూ నేనెక్కడికీ పోను' అని డూగలే నన్ను అడిగాడు."